ఊడిపోయే పన్నేగా?

"పాలపన్నే కదమ్మా, ఎలాగూ ఊడిపోయేదే. దానికెందుకలా ఇదైపోతావు?"

బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో ఈ మాట వినని తల్లి ఉండదు. మావాళ్ళు తెలుగులో అంటారు. ఎదురు క్వార్టరువాళ్ళు "దూధ్ కా దాంత్ హై, గిర్ జాయేగా" అని హిందీలో అంటారు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల నుంచీ తెలుగువాళ్ళు, బెంగాలీలు, ఒడియావాళ్ళు, ఛత్తీస్‌గఢీలు గోడకు గోడ ఆనుకుని బతికిన ఊరు ఇది. పప్పులో పోపు దగ్గర్నుంచి పండగ చందా దాకా దేనిమీదా కుదరని ఏకాభిప్రాయం పాలపళ్ళ మీద మాత్రం కుదిరింది. ఇంతమంది అంటున్నారు గనక నిజమే అయ్యుంటుందని నేనూ చాలాకాలం నమ్మాను. ఇప్పుడు నమ్మను. ఆ మాట తప్పు. పైగా పిల్లలకు చేటు.

నా నమ్మకం ఎక్కడ సడలిందో ముందు చెబుతాను. అప్పుడు మా మనవరాలికి ఏడో ఏడు నడుస్తోంది. కింది ముందు పళ్ళు రెండూ ఊడాయి. ఆ తొర్రి నవ్వు చూసి ఇల్లంతా మురిసిపోతున్నాం. ఆ మురిపెంలో దవడ వైపు ఎవరమూ చూడలేదు. బడికి చపాతీ కట్టిస్తే డబ్బా సగం తిరిగొచ్చేది. పెరుగన్నమైతే గిన్నె ఖాళీ. గారాబమనుకున్నాం. ఒకరోజు పక్కన కూర్చుని చూశాను. ముద్ద నోట్లో పెట్టుకోగానే తల కాస్త ఎడమకు వాల్చి, ఆ ఒక్క వైపే నములుతోంది. కుడివైపు నమలడం ఎప్పుడు మానేసిందో దానికే గుర్తులేదు. టార్చి వేసి చూస్తే కింది దవడ పన్నులో మిరియపు గింజ పట్టేంత గుంట, చుట్టూ నల్లటి అంచు. ఒక దంతవైద్యుడికి చూపిస్తే ఆయనా "ఊడిపోయేదే" అని, నొప్పికి సిరప్పు రాసి పంపేశాడు. మూడు వారాలకు ఒక రాత్రి పిల్ల బుగ్గ బూరెలా పొంగింది, ఒళ్ళు కాలిపోయింది. జ్వరం తగ్గాక ఇంకో చోట చూపిస్తే, ఇక ఆ పన్ను నిలబెట్టలేమన్నారు, తీసేశారు. పదేళ్ళు దాటాక తనంతట తానే ఊడాల్సిన పన్ను ఏడేళ్ళకే పోయింది.

మా ఇంట్లో జరిగింది పెద్ద వింతేమీ కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో వెలువరించిన నోటి ఆరోగ్య నివేదిక లెక్కన, పాలపళ్ళు పుచ్చిపోయిన పిల్లలు ప్రపంచంలో 51 కోట్ల 40 లక్షల మంది. ఇంతమంది పిల్లల నొప్పిని ఒక్క "కదా"తో కొట్టిపారేస్తున్నాం.

ఆ మాటలో మొదటి తప్పు లెక్కలోనే ఉంది. పాలపళ్ళు మొత్తం 20. అవన్నీ ఒక్క పెట్టున ఊడవు. ఆరేళ్ళ ప్రాంతంలో కింది ముందు పళ్ళతో మొదలై, చివరి దవడ పళ్ళు ఊడేసరికి పిల్లకు పదీ పన్నెండేళ్ళు వస్తాయి. రైలువాళ్ళకు గుర్తుండేలా చెప్పాలంటే, ఐదేళ్ళు నిండేదాకా టికెట్ అక్కర్లేదు, అక్కడి నుంచి పన్నెండు దాకా, బెర్తు అడగకపోతే, హాఫ్ టికెట్. నోరు కూడా ఇంచుమించు ఆ వయసంతా సగం పాలపళ్ళు, సగం అసలు పళ్ళతోనే నెట్టుకొస్తుంది. వెనక దవడ పాలపన్ను రెండున్నరేళ్ళ వయసులో వస్తుంది. అంటే దాని కొలువు దాదాపు ఎనిమిదేళ్ళు. పిల్ల పొడవు పెరిగేదీ, ఎముక గట్టిపడేదీ, అక్షరాలు దిద్దేదీ ఆ ఎనిమిదేళ్ళలోనే. తినే తిండంతా ఆ పళ్ళతోనే నమలాలి. నాలుగేళ్ళకు బదిలీ అయిపోయే ఆఫీసరును "ఎలాగూ పోయేవాడే" అని ఫైళ్ళు పంపకుండా కూర్చోబెడతామా? ఎనిమిదేళ్ళు పనిచేసే పన్ను మాత్రం లెక్కలోకి రాదు!

రెండో తప్పు కంటితో చూసి చేసేది. పిల్ల ఊడిన పన్నును గుప్పిట్లో దాచుకొచ్చి చూపిస్తుంది కదా, దాన్ని ఒకసారి తిరగేసి చూడండి. పైన నున్నగా, పాలమీగడ రంగులో ఉంటుంది. కింద వేరు ఉండదు. గరుకైన అంచు, మధ్యలో గోటితో తొలిచినట్టు బోలు, కాస్త నెత్తుటి మరక. అది చూసి పాలపళ్ళకు వేళ్ళే ఉండవని, చిగురు మీద అతికించినట్టు ఉంటాయని పెద్దలు తేల్చేశారు. నిజానికి వేళ్ళు ఉంటాయి. కింది దవడ పాలపన్నుకు రెండు, పై దవడదానికి మూడు. కింద కొత్త పన్ను ఎదిగి పైకి వస్తుంటే, ఒంట్లోని కొన్ని కణాలు పాత పన్ను వేళ్ళను కొద్దికొద్దిగా కరిగించేస్తాయి. పట్టు పూర్తిగా పోయాక పన్ను కదిలి, ఆపిల్ కొరికినప్పుడో అన్నయ్య మోచెయ్యి తగిలినప్పుడో ఊడి చేతిలో పడుతుంది. ఊడిన పన్నుకు వేరు లేదంటే అది పని ముగించుకుని వెళ్ళిందని అర్థం, మొదటి నుంచీ వేరు లేదని కాదు.

అసలు సంగతి ఆ వేళ్ళ మధ్యే ఉంది. దవడ పాలపన్ను వేళ్ళు కాళ్ళు ఎడం చేసి నిలబడ్డట్టు ఉంటాయి. ఆ సందులో, ఎముక లోపల, రాబోయే పన్ను మొగ్గ తయారవుతూ ఉంటుంది. పాలపన్ను పైపొర, అంటే ఎనామిల్, అసలు పన్ను పొరలో దాదాపు సగం మందమే. లోపలి నరం పైకి దగ్గరగా ఉంటుంది. అందుకే పుచ్చు పట్టిందంటే నరందాకా చేరడానికి ఎక్కువ కాలం పట్టదు. నరం చచ్చి చీము పడితే, ఆ చీము వేళ్ళ గుండా దిగేది మొగ్గ ఉన్న చోటికే. అలా దెబ్బతిన్న మొగ్గ నుంచి పన్ను మచ్చలతో, గుంటలతో, పెళుసుగా రావచ్చు. దాన్ని దంతవైద్యులు టర్నర్ పన్ను అంటారు. "పాతది పోతే పోయింది, కొత్తది మంచిది వస్తుంది" అనేవాళ్ళు ఈ మాట వినాలి. కొత్తది బయటి నుంచి ఊడిపడదు. పాతదాని నీడనే పెరుగుతుంది.

ఇంకా నమ్మకం కుదరకపోతే నల్లగొండ వెళ్ళి చూడండి. మన తెలుగు నేల మీద ఫ్లోరైడ్ నీళ్ళ గోడు ఇవాళ్టిది కాదు. మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా పల్లెల్లో ఆ నీళ్ళు మనుషుల ఎముకల్ని ఏం చేస్తున్నాయో 1937లోనే డాక్టర్లు అచ్చులో పెట్టారు. నల్లగొండ పల్లెల్లో పుట్టి పెరిగినవాళ్ళ ముందు పళ్ళ మీద గోధుమరంగు చారలు చూసే ఉంటారు. పెద్దయ్యాక కోడలిగా ఆ ఊరికి వచ్చిన మనిషి అవే నీళ్ళు తాగినా ఆమె పళ్ళకు ఆ చారలు రావు. ఎందుకని? ఆమె పళ్ళు అప్పటికే తయారైపోయాయి. అసలు పళ్ళ పైభాగం తయారయ్యేది పుట్టినప్పటి నుంచి దాదాపు ఎనిమిదేళ్ళ దాకా, చిగురు కింద, పైన పాలపళ్ళు నవ్వుతుండగా. ఆ ఏళ్ళలో ఏం జరిగినా పన్ను మీద జీవితాంతం రాసి ఉంటుంది. పాలపళ్ళ వయసుకు విలువ లేదనేవాళ్ళకు నల్లగొండ మనిషి నవ్వే జవాబు.

ఇక చోటు సంగతి. జనరల్ బోగీలో ఎక్కినవాళ్ళకు వివరించక్కర్లేదు. కిటికీలోంచి తువ్వాలు విసిరి సీటు పట్టుకుంటాం. మనిషి వచ్చి కూర్చునేదాకా తువ్వాలు అక్కడ ఉండాలి. ఎవరైనా దాన్ని తీసి పక్కన పెడితే, ఇటువాడు కాస్త జరుగుతాడు, అటువాడు ఇంకాస్త జరుగుతాడు, మన మనిషి వచ్చేసరికి నిలబడ్డానికి కూడా చోటుండదు. దవడ పాలపన్ను ఆ తువ్వాలే. దాన్ని ముందే పీకేస్తే వెనక పన్ను ముందుకు ఒరుగుతుంది. మూడు నాలుగేళ్ళ తర్వాత రావాల్సిన పన్ను వచ్చి చూసుకుంటే చోటు లేదు. అప్పుడది పక్కకు పొడుచుకొస్తుంది, లేదా లోపలే ఇరుక్కుంటుంది. పద్నాలుగేళ్ళకు వంకర పళ్ళని, క్లిప్పులని వేలకు వేలు పోస్తూ "మా వంశంలో ఎవరికీ ఎత్తుపళ్ళు లేవే" అని ఆశ్చర్యపోతాం. పీకక తప్పని పన్నయితే, చోటు పోకుండా చిన్న తీగ బిగించే పద్ధతి ఉంది. మా మనవరాలికి అదే వేశారు. రెండేళ్ళుగా దాని నోట్లో ఆ తీగ సీటు కాస్తోంది. దేవుడు ఊరికే ఇచ్చిన తువ్వాలును పారేసి, డబ్బు పెట్టి ఇంకో తువ్వాలు కొన్నాం.

ఈ మాట చేసే అసలు ద్రోహం మాత్రం వేరు. ఆరేళ్ళ ప్రాయంలో, ఏ పన్నూ ఊడకుండానే, దవడ చివర, పాలపళ్ళన్నిటికీ వెనక, నాలుగు మూలలా నాలుగు కొత్త పళ్ళు వస్తాయి. ఇవి పాలపళ్ళు కావు. జీవితాంతం ఉండాల్సిన దవడ పళ్ళు. నమలడంలో పెద్ద బరువు వీటిమీదే. పన్ను ఊడితేనే కొత్తది వస్తుందని అనుకునే ఇంట్లో వీటి రాక ఎవరికీ తెలియదు. ముందు పన్ను కదిలితే ఊరంతా చెప్పుకుంటాం, వెనక వచ్చిన పన్నుకు పలకరింపే ఉండదు. పైన లోతైన గాళ్ళుంటాయి, బ్రష్షు అక్కడిదాకా పోదు. ఎనిమిదో ఏటికి నల్లబడితే "పాలపన్నే కదా" అనే అంటాం. అలా పాలపన్ను పేరు చెప్పి అసలు పన్నునే పోగొట్టుకున్న పెద్దవాళ్ళు మా కాలనీలో ఎందరో. మీ పిల్లకు ఆరు దాటితే ఇవాళ రాత్రి టార్చి వేసి చూడండి. పాలపళ్ళు ఒక్కో పక్కన ముందు నుంచి వెనక్కి ఐదే ఉంటాయి. మధ్యలో ఏ పన్ను ఊడి కొత్తది వచ్చినా లెక్క మారదు, దాని స్థానం దానిదే. ఆరో స్థానంలో ఉన్నది ఎప్పటికీ పాలపన్ను కాదు.

ఎదుటివాళ్ళ వాదనల్లో నేను గౌరవించేవి రెండున్నాయి.

మొదటిది, "మా అమ్మమ్మ ఏ డాక్టరును చూసింది? వేపపుల్లతో తోముకుని ఎనభై ఏళ్ళు చెరుకు కొరికింది". నిజమే కావచ్చు. కానీ ఆవిడ చిన్నప్పుడు ఏం తిన్నదో కూడా చెప్పాలి కదా. తీపి పండక్కి తిన్నది. ఇవాళ మన పిల్లలకు పొద్దున పాలల్లో పంచదార, బడికి క్రీము బిస్కెట్, సాయంత్రం టీలో ముంచిన రస్కు, బుధవారీ బజారుకు వెళ్తే చాక్లెట్, ఏడిస్తే ఇంకో చాక్లెట్. స్వీడన్‌లోని విపెహోల్మ్ అనే, బుద్ధిమాంద్యం ఉన్నవాళ్ళ ఆసుపత్రిలో 1945లో మొదలుపెట్టి కొన్నేళ్ళపాటు రోగులకు తీపి రకరకాలుగా పెట్టి పళ్ళను పరీక్షించారు. వద్దని చెప్పలేని మనుషుల మీద చేసిన నీతిమాలిన ప్రయోగం అది. కానీ అందులో తేలింది కాదనలేం. ఎంత తీపి తిన్నారన్నదానికన్నా, భోజనానికీ భోజనానికీ మధ్య ఎన్నిసార్లు, పళ్ళకు అంటుకునేలా తిన్నారన్నదే పళ్ళను ఎక్కువ తినేసింది. అమ్మమ్మను కాపాడింది వేపపుల్ల ఒక్కటే కాదు, ఆవిడ వీధిలో చిల్లరకొట్టు లేకపోవడం కూడా. అమ్మమ్మ తిండి వదిలేసి అమ్మమ్మ పళ్ళు మాత్రం కావాలంటే ఎలా?

అమ్మమ్మ పేరు చెప్పి వచ్చేవన్నీ వేపపుల్లంత మంచివీ కావు. పుప్పి పన్నులో పురుగుందని, నేలములక గింజల పొగ పట్టిస్తే అది రాలిపోతుందని మా నాన్న కాలంలో నమ్మేవారు. పంటిని తొలిచేది పురుగు కాదని పియర్ ఫోషార్ అనే ఫ్రెంచి దంతవైద్యుడు 1728లోనే పుస్తకంలో రాశాడు. నోట్లోని సూక్ష్మజీవులు తీపిని పులియబెట్టి వదిలే ఆమ్లమే పన్నును కరిగిస్తుందని మిల్లర్ అనే దంతవైద్యుడు 1890లో వివరించాడు. ఇక ఛత్తీస్‌గఢ్‌లో గుడాఖు సంగతి తెలిసిందే. పొగాకు, బెల్లప్పాకం కలిపిన ముద్ద. పన్ను నొప్పని వేలితో రుద్దుకోవడం మొదలుపెడితే చివరికి అది లేనిదే తెల్లారదు. పసిదాని పన్ను నొప్పిని పట్టించుకోని ఇంట్లో, ఎవరో పెద్దావిడ ఆ డబ్బీ మూత తీస్తుంది. పళ్ళపొడుల్లో పొగాకు కలపడాన్ని 1992లో దేశమంతటా నిషేధించారు. నిషేధం డబ్బీ మీద ఉంది, అలవాటు ఇంట్లో ఉంది.

రెండోది, "పసిపిల్లను ఆ కుర్చీలో పడుకోబెట్టి మిషనుతో తొలిపించడం హింస, పైగా డబ్బు గుంజుడు". ఈ భయంలో న్యాయముంది. పుచ్చిన ప్రతి పాలపన్నుకూ వైద్యం అక్కర్లేదు. ఇంకో రెండు నెలల్లో ఊడబోయే ముందు పన్నులో చిన్న గుంటుంటే వదిలేయొచ్చు, మంచి డాక్టరు ఆ మాటే చెబుతాడు. కింది పాలపన్ను ఊడకముందే వెనక రెండో వరసలో కొత్త పన్ను తొంగిచూసిందని బెంబేలెత్తాల్సిన పనీ లేదు, చాలాసార్లు పాతది దానంతట అదే దారి ఇస్తుంది. నేను అడిగేది ప్రతి పన్నునూ తొలిపించమని కాదు, చూపించకుండా తీర్పు చెప్పొద్దని. తొలవకుండానే పుచ్చును ఆపే మందు ఒకటుంది. వెండి, ఫ్లోరైడ్ కలిసిన చుక్క. బ్రష్షుతో అద్దితే గుంట నల్లబడుతుంది, చాలావరకు పుచ్చు అక్కడితో ఆగుతుంది. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది. నల్ల మచ్చ అందంగా ఉండదు, నిజమే. కానీ అది ఊడిపోయే పన్ను మీది మచ్చే కదా! ఆ "కదా" వాడాల్సిన చోటు ఒకటుంటే అది ఇదే.

చూపించడానికి ఇక్కడ ఎవరున్నారనే సాకు కూడా చెల్లదు. 2003 నుంచి ఆగ్నేయ మధ్య రైల్వే జోన్‌కు రాజధాని అయిన ఊరు మనది. రైల్వే ఆసుపత్రి ఉంది. సకరీ దగ్గర ఒకటి, బోద్రీ దగ్గర ఒకటి, రెండు దంతవైద్య కళాశాలలున్నాయి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం అంగన్‌వాడీల్లో, సర్కారు బళ్ళల్లో పిల్లల్ని పరీక్షించేటప్పుడు చూడాల్సినవాటిలో పళ్ళూ ఉన్నాయి. సర్కారు కాగితం మీద కూడా ఆ పన్నుకు పేరుంది. ఇంటి పెద్దల దగ్గరే లేదు. ఇంట్లో చేయాల్సింది కొండంత ఏమీ లేదు. మొదటి పన్ను వచ్చిన నాటి నుంచి ఫ్లోరైడ్ ఉన్న పేస్టు, మూడేళ్ళ లోపు బియ్యపు గింజంత, ఆ తర్వాత బఠాణీ గింజంత. ఏడెనిమిదేళ్ళు వచ్చేదాకా బ్రష్షు పెద్దవాళ్ళ చేతిలో ఉండాలి. రాత్రి తోమాక మళ్ళీ పాలసీసా ఇవ్వకూడదు.

ఇంకొక చిత్రం చూడండి. ఊడిపోయేదే అంటూ ఊడకముందు కన్నెత్తి చూడని మనమే, ఊడాక దానికి తంతు చేస్తాం. మా ఇంట్లో పేడముద్దలో పెట్టి క్వార్టరు కప్పు మీదికి విసిరించేవాళ్ళం. పక్కింటి ఛత్తీస్‌గఢీ పిల్లలు ఎలుక కన్నంలో వేసి ఎలుక పళ్ళలాంటివి ఇమ్మని అడిగేవారు. జపాన్‌లో కింది పన్నును కప్పు మీదికి, పై పన్నును నేల కిందికి విసురుతారు. స్పెయిన్‌లో ఎనిమిదేళ్ళ రాజు అల్ఫాన్సోకు పన్ను ఊడితే లూయిస్ కొలోమా అనే పాదిరీ ఏకంగా ఒక ఎలుక కథే రాసిచ్చాడు. ఇవన్నీ వెర్రి ఆచారాలని నేను అనను. పన్ను పోవడం పిల్లకు ఒక పెద్ద సంఘటన అని పాతవాళ్ళకు తెలుసు. మన భాషకూ తెలుసు. పన్నుకు ద్విజమని పేరు పెట్టింది, రెండుసార్లు పుట్టేదని. మొదటి పుట్టుక పుట్టుక కాదని ఏ పెద్దా అనలేదు. "పాలపన్నే కదా" అన్నది పాతవాళ్ళ జ్ఞానం కాదు, మన బద్ధకం.

ఈ ఊరివాళ్ళకు ఇంత వాదించాల్సి రావడమే నాకు వింతగా ఉంటుంది. ఇక్కడ మనకు ఏది శాశ్వతం? క్వార్టరు మనది కాదు, రిటైరైతే ఖాళీ చెయ్యాలి. అయినా ఏ ఇల్లాలూ "ఖాళీ చేసేదే కదా" అని వానకు కప్పు కారనివ్వదు. పెరట్లో కరివేపాకు మొక్క నాటుతుంది, అది చెట్టయ్యేసరికి తాను ఉండనని తెలిసి కూడా. మా నాన్న కీమాన్‌గా చేశాడు. భుజాన సుత్తి, చేతిలో రెంచి, రోజూ తన కిలోమీటర్లు తను నడిచి, సడలిన కీలు కొట్టి, బోల్టులు బిగించేవాడు. ఆ పట్టాల్ని ఎప్పటికైనా మార్చేస్తారని ఆయనకు తెలుసు. ఆయన ఉండగానే ఒకసారి మార్చారు కూడా. మార్చే పట్టాలే కదా అని ఆయన ఒక్కరోజూ నడక మానలేదు. మార్చే రోజు వచ్చేదాకా బండ్లు నడవాల్సింది వాటి మీదే మరి.

మా మనవరాలికి ఇప్పుడు తొమ్మిదేళ్ళు. రోజూ రాత్రి పళ్ళు తోమించాక నోరు తెరిపించి, టార్చి వేసి, ఆ తీగ సడలిందేమో చూస్తాను. "తాతా, అయిపోయిందా?" అంటుంది నోరు తెరిచే. ఇంకో పక్క ఉంది, ఉండమ్మా అంటాను.